ఒక ప్యానెల్, పది కంప్యూటర్లు, నలభై మంది పిల్లలు: బాధ్యతగా వాడటం నేర్పేదెలా

బోర్డు మీద నిలువు గీత గీసి ఇటు ‘లాభాలు’, అటు ‘నష్టాలు’ అని రాయించే ఇంటర్నెట్ పాఠం పరీక్షలో వ్యాసానికి పనికొస్తుంది. సాయంత్రం అమ్మ ఫోన్ చేతికి రాగానే అది గుర్తుండదు. అందుకే ఇంటర్నెట్‌ను బాధ్యతగా వాడటాన్ని విడి పాఠంగా పెట్టుకోకండి. సైన్సో, సోషలో, తెలుగో చెబుతూ పరికరం వాడిన ప్రతిసారీ ఒక్క అలవాటు నేర్పండి. ఒక పీరియడ్‌కు ఒకటి చాలు.

ఆంధ్రప్రదేశ్‌లో ‘నాడు–నేడు’ కింద హైస్కూళ్లకు ఐఎఫ్‌పీ ప్యానెళ్లు, అంటే తాకితే పనిచేసే పెద్ద డిజిటల్ తెరలు, వచ్చాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులూ ఇచ్చారు. చాలా బడుల్లో ఉన్నవి ఒక ప్యానెలో స్మార్ట్ టీవీయో, ల్యాబులో పనిచేసే పది కంప్యూటర్లు. కింద చెప్పిందంతా అలాంటి బడిని దృష్టిలో పెట్టుకునే.

ముందు మీ ప్యానెల్ సర్దుకోండి

పిల్లలు మొదట చూసేది టీచర్ ఎలా వాడుతున్నారన్నది. మీ సొంత ఖాతాతో ప్యానెల్‌లో యూట్యూబ్ తెరిస్తే నిన్న రాత్రి మీరు చూసిన సీరియల్, వంటల వీడియో, ఆరోగ్య చిట్కాలు అన్నీ వరసగా కనిపిస్తాయి. క్లాసు నవ్వుతుంది, ఆ పీరియడ్ అక్కడితో సరి.

బడికి విడిగా ఒక ఖాతా తెరవండి. యూట్యూబ్‌లో ఆటోప్లే ఆపి, రిస్ట్రిక్టెడ్ మోడ్ పెట్టండి. గూగుల్‌లో సేఫ్‌సెర్చ్ ఆన్ చేయండి. పిల్లలు చూడకూడనివాటిని ఇవి కొంత వరకే ఆపుతాయి, అసలు రక్షణ మీరు ముందే చూడటం. వీడియోను ముందు రోజే చివరిదాకా చూసి, కావాల్సిన చోటు నిమిషం–సెకను రాసుకోండి. పాఠానికి రెండు నిమిషాల ముక్క చాలుతుంది. ఫోన్ తెరను ప్యానెల్‌కు కలిపితే ముందుగా నోటిఫికేషన్లు ఆపేయండి. లేకపోతే బ్యాంకు మెసేజ్ నలభై మంది ముందు తెర మీదకు వస్తుంది.

క్విజ్ యాప్‌లలో పిల్లల పూర్తి పేరు, పుట్టినరోజు, తండ్రి ఫోన్ నంబరు ఎక్కించకండి. రోల్ నంబరో, పిల్లలు పెట్టుకున్న మారుపేరో సరిపోతుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. ‘యాప్ అడిగింది కదా అని ఇచ్చేయకూడదు’ అని మాటల్లో చెప్పి, చేతల్లో అన్నీ ఇచ్చేస్తే పిల్లలు చేతల్నే పట్టుకుంటారు.

మౌస్ ఎవరి చేతిలో ఉంది?

నలభై మందికి పది కంప్యూటర్లంటే ఒక్కోదాని దగ్గర నలుగురు. వదిలేస్తే ఏం జరుగుతుందో ల్యాబు చూసిన వాళ్లందరికీ తెలుసు. ఇంట్లో కంప్యూటర్ ఉన్న పిల్లాడు మౌస్ పట్టుకుంటాడు, ఇద్దరు భుజం మీదుగా చూస్తారు, నాలుగో వ్యక్తి, చాలాసార్లు ఒక అమ్మాయి, గోడకు ఆనుకుని నిలబడుతుంది.

ఇలా చేయండి. నలుగురికీ నాలుగు పనులు: ఒకరు మౌస్, కీబోర్డు, ఒకరు ఏం నొక్కాలో చెప్పడం, ఒకరు నోట్సు, ఒకరు సమయం చూస్తూ, దారి తప్పితే ‘మన ప్రశ్న ఏమిటి?’ అని అడగడం. ఎనిమిది నిమిషాలకోసారి గంట కొట్టి పనులు మార్చండి. మౌస్ పట్టినవాళ్లు సొంతంగా నిర్ణయించకూడదు, చెప్పేవాళ్లు మౌస్ ముట్టకూడదు. ఈ ఒక్క నియమంతో సగం గేములు ఆగిపోతాయి. పక్కవాడు చెప్పందే నొక్కకూడదు కాబట్టి దొంగచాటుగా వేరే ట్యాబ్ తెరవడం కష్టం.

‘తెర కిందికి’ అనే సంకేతం మొదటి రోజే నేర్పండి. అది వినగానే ట్యాబులైతే బోర్లించాలి, కంప్యూటరైతే మానిటర్ స్విచ్ ఆపాలి. తెర వెలుగుతుండగా మీరు చెప్పేది ఎవరి చెవికీ ఎక్కదు. మూడు సార్లు సాధన చేయించాక పది సెకన్లలో అయిపోతుంది. నియమం తప్పినవాళ్లకు శిక్షగా ‘నెలంతా ల్యాబు బంద్’ అనకండి. ఆ పీరియడ్‌లో నోట్సు రాసే పనికి మారిస్తే చాలు. వాడకం నేర్పాల్సింది వాళ్లకే ఎక్కువ.

పాస్‌వర్డు, పిన్: పాఠం ఇంటి ఫోన్ గురించే

చాలామంది పిల్లలు వాడేది అమ్మదో నాన్నదో ఫోన్. అందులోనే యూపీఐ ఉంటుంది. కాబట్టి ఉదాహరణలు అక్కడి నుంచే తీసుకోండి. డబ్బు పంపడానికి పిన్ కావాలి, డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. ఈ ఒక్క వాక్యం పిల్లలు ఇంటికి వెళ్లి చెప్పేలా చేస్తే ఆ పాఠం ఫలించినట్టే. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని, ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుందని చెప్పండి.

పాస్‌వర్డు పాఠంలో ఒక ప్రమాదం ఉంది. ‘బలమైన పాస్‌వర్డు చెప్పండి’ అంటే పిల్లలు ఉత్సాహంగా తమ సొంతవే అరిచేస్తారు. అందుకని ముందే ‘ఊహించి చెప్పాలి, మీది చెప్పకూడదు’ అనండి. పేరు, 123, పుట్టిన ఏడాది కలిపినవి ఎందుకు పనికిరావో చూపి, సంబంధం లేని నాలుగు మాటలు కలపమనండి: చింతకాయ, రైలు, గొడుగు, పిచ్చుక. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే పొడవుగా ఉంటుంది, గుర్తూ ఉంటుంది.

ఫార్వర్డును పట్టుకునే పీరియడ్

ఎక్కువ సమయం పెట్టాల్సింది దీనికే. దీపావళి రాత్రి అంతరిక్షం నుంచి తీసిన భారతదేశం అంటూ ఏటా తిరిగే రంగురంగుల ఫొటో ఒకటి ఉంది. దాన్ని ప్యానెల్ మీద పెట్టండి.

మొదటి ఐదు నిమిషాలు: ‘ఇది మీకొస్తే ఎంతమంది పంపుతారు?’ అని చేతులెత్తించి, ఆ అంకె బోర్డు మూలన రాయండి. నిజమో అబద్ధమో మీరు చెప్పకండి.

తర్వాత పది నిమిషాలు ప్రశ్నలు మాత్రమే. ఎవరు తీశారు? ఏ తేదీన? ప్రమిదల వెలుగు పసుపు కదా, ఈ నీలం, ఆకుపచ్చ ఎక్కడివి? సాధారణంగా మొదటి సందేహం ఈ రంగుల దగ్గరే పుడుతుంది.

ఆ తర్వాత పదిహేను నిమిషాలు వెతకడం. ఫొటో మీద రైట్ క్లిక్ చేసి గూగుల్ లెన్స్‌తో వెతికించండి. ఒకే ఫలితం చూసి ఆగిపోతారు, కనీసం మూడు చోట్ల చూడాలనండి. దొరికే జవాబు ఇది: ఆ చిత్రం అమెరికా వాతావరణ ఉపగ్రహాల సమాచారంతో అక్కడి సముద్ర, వాతావరణ సంస్థ ఎన్‌ఓఏఏ శాస్త్రవేత్త ఒకరు 2003లో కూర్చినది, జనాభా పెరుగుదల చూపడానికి. తెలుపు 1992కు ముందున్న దీపాలు. నీలం, ఆకుపచ్చ, ఎరుపు 1992, 1998, 2003ల్లో కొత్తగా కనిపించినవి. 2012 నవంబరులో నాసా ఈ సంగతి చెప్పి, ఆ ఏటి దీపావళి రోజుల్లో తీసిన అసలు రాత్రి చిత్రాన్నీ ఇచ్చింది. పండుగ వల్ల పెరిగే వెలుగు అంతరిక్షం నుంచి కంటికి ఆనేంత ఉండదని కూడా చెప్పింది.

మిగిలిన సమయంలో మళ్లీ చేతులెత్తించి, రెండో అంకె మొదటిదాని పక్కన రాయండి. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తు అర్థం కూడా చెప్పండి: ఆ మెసేజ్ చాలా చేతులు మారి వచ్చింది, అందుకే దాన్ని ఒకసారి ఒక్క చాట్‌కే పంపనిస్తుంది.

ఈ ఫొటోనే ఎందుకంటే ఇది ఎవరినీ నొప్పించదు. మతం, కులం, పార్టీ మీది అబద్ధాన్ని మొదటి ఉదాహరణగా తీసుకుంటే పాఠం పోయి పంచాయితీ మిగులుతుంది. ఇంకో పొరపాటూ జరుగుతుంది. ఒక్క అబద్ధం బయటపడగానే పిల్లలు ‘నెట్‌లో అంతా అబద్ధమే’ అనేస్తారు. దానికి విరుగుడుగా మరుసటి పీరియడ్‌లో నమ్మబుద్ధి కాని నిజం ఇవ్వండి: శుక్రగ్రహం తన చుట్టూ తాను తిరగడానికి సుమారు 243 రోజులు, సూర్యుడి చుట్టూ తిరగడానికి 225 రోజులు. దాన్నీ అదే పద్ధతిలో తేల్చమనండి.

‘మూలం: గూగుల్’

ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్టు పనుల కింద ఈ మాట కనిపించని బడి ఉండదు. పుస్తకం పేరు అడిగితే ‘లైబ్రరీ బీరువా’ అని చెప్పడం లాంటిదిది. ప్రతి ప్రాజెక్టు చివర మూడు వరసలు తప్పనిసరి చేయండి: ఏ పేజీలో చూశాను, ఏ తేదీన చూశాను, నా మాటల్లో రాసింది ఏ భాగం. తెలుగు వికీపీడియా వ్యాసాలు మూలం చెప్పి వాడుకోవచ్చు. నెట్‌లో దొరికే ఫొటోలన్నీ అలా కాదు, ఒక్కోదాని యజమాని ఒక్కొక్కరు.

కాపీకి సగం కారణం మన ప్రశ్నే. ‘నీటి కాలుష్యం గురించి రాయండి’ అంటే గైడైనా, చాట్‌జీపీటీ అయినా నిమిషంలో ఇచ్చేస్తుంది. ‘మీ వీధి కుళాయికి నీళ్లు ఏ ట్యాంకు నుంచి వస్తాయి, దాన్ని ఎన్నాళ్లకోసారి కడుగుతారు?’ అంటే పిల్లలు కాళ్లకు పని చెప్పక తప్పదు.

ఏఐని దాచిపెట్టి లాభం లేదు, ప్యానెల్ మీదే చూపండి. ‘మా ఊరి చెరువు ఎవరు తవ్వించారు?’ అని అడిగి, వచ్చిన జవాబును ఊళ్లో పెద్దవాళ్లను అడిగి తెలుసుకున్న దానితో పోల్చమనండి. తెలియని చోట కూడా ఏఐ తడుముకోకుండా కల్పించి చెప్పడం తరచూ కనిపిస్తుంది. ‘నాకు తెలియదు’ అని అంటే దాన్నీ రాసుకోమనండి. ఖాతా మీది, టైపు చేసేది మీరు. పిల్లలతో ఖాతాలు తెరిపించకండి.

ఏదైనా జరిగినప్పుడు

తోటి విద్యార్థి ఫొటోకు వెక్కిరింత రాతలు జోడించి గ్రూపులో పెట్టారని ఎవరైనా చెబితే, ఆ సంగతి చెప్పిన పిల్లల ఫోన్ లాక్కోకండి. ఫోన్ పోతుందన్న భయంతోనే చాలామంది నోరు విప్పరు. ఎవరు, ఏ గ్రూపులో, ఏ తేదీన అన్నది రాసుకుని, స్క్రీన్‌షాట్ ఆ పిల్లల దగ్గరే ఉంచి, హెచ్‌ఎంకు, తల్లిదండ్రులకు చెప్పండి. క్లాసులో అందరి ముందూ విచారణ పెడితే అప్పటిదాకా చూడనివాళ్లూ వెతుక్కుని చూస్తారు.

నగ్న, అశ్లీల చిత్రమైతే దారి వేరు. స్క్రీన్‌షాట్ తీయకండి, మీ ఫోన్‌కు పంపించుకోకండి, ‘చూపించడానికి’ అని స్టాఫ్ గ్రూపులో అసలే పెట్టకండి. పిల్లల అలాంటి చిత్రాలను పంచడం ఐటీ చట్టం 67బి కింద నేరం, పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం కూడా వర్తిస్తుంది. సదుద్దేశంతో పంపానన్నది ఆ బిడ్డకు జరిగే నష్టాన్ని తగ్గించదు. ఫోన్ నంబరు, గ్రూపు పేరు, సమయం కాగితం మీద రాసి పోలీసులకు చెప్పండి. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ ఉంది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇలాంటి వాటిపై పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు.

చివరి మూడు నిమిషాలు

గంట కొట్టేదాకా పని చేయిస్తే ఖాతాలన్నీ తెరిచే ఉంటాయి, తర్వాతి సెక్షన్ వచ్చి వాటిలోంచి ఏదో ఒకటి పంపుతుంది. అందుకే మూడు నిమిషాల ముందే ఆపండి. లాగౌట్ చేయాలి, బ్రౌజర్ మూయాలి, డెస్క్‌టాప్ మీద సేవ్ చేసిన ఫొటోలు తీసేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేయాలి, పెన్‌డ్రైవ్ ఎజెక్ట్ చేసి తీయాలి. సమయం చూసే పనిలో ఉన్నవాళ్లు తమ కంప్యూటర్ కాకుండా పక్క కంప్యూటర్‌ను తెరిచి, ఖాతా మిగిలిపోయిందేమో చూస్తారు. మిగిలి ఉంటే అందులో ఏమీ చదవకుండా లాగౌట్ చేసి, ఆ గుంపుకు చెప్పాలి.