అక్కడ దురదా? ట్యూబ్ కొనేముందు ఇది చదవండి

మగవాళ్లలో చాలామంది గజ్జల్లోనో, అంగం మీదో దురద పుడితే డాక్టర్ దగ్గరకు పోరు, మెడికల్ షాపులో గొంతు తగ్గించి "దురదకి ఏదైనా ట్యూబ్ ఇవ్వన్నా" అంటారు. ఆ ట్యూబులో చాలాసార్లు ఫంగస్ మందుతో పాటు క్లోబెటాసాల్ లాంటి గట్టి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజుల్లో దురద చల్లబడుతుంది, మానగానే మళ్లీ ఎక్కువవుతుంది, పైగా అసలే పలచనైన చర్మం ఇంకా పలచబడి చారలు పడతాయి. అందుకే ముందు దురద ఎక్కడ, ఎప్పుడు, దేని తర్వాత మొదలైందో చూసుకోండి.

గజ్జల్లో, తొడ లోపలివైపు ఎర్రటి అంచుతో మచ్చ పాకుతూ, మధ్యలో మానినట్టు కనిపిస్తే చాలావరకు తామరే. వృషణాల మీదికి మామూలుగా రాదు. కాలివేళ్ల మధ్య కూడా ఒరిసిందేమో చూడండి, ఉంటే ముందు సాక్సులు వేసుకుని ఆ తర్వాతే డ్రాయర్ తొడగండి, లేకపోతే పాదాల ఫంగస్ గజ్జలకు ఎక్కుతుంది. టవల్ ఎవరిది వాళ్లకే. మచ్చ పోయిందని మందు మధ్యలో ఆపొద్దు.

అంగం కొనమీద, ముందు చర్మం కింద ఎర్రగా మంట, తెల్లటి పొర ఉంటే కాండిడా అనే ఫంగస్ కావచ్చు, షుగర్ టెస్ట్ చేయించుకోండి. షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లకు మూత్రంలో చక్కెర పోతుంది కాబట్టి ఇది ఎక్కువ. మాత్ర సొంతంగా ఆపేయకండి, డాక్టర్‌కి చెప్పండి.

రాత్రిళ్లు దురద పెరిగి, అంగం మీద గట్టి పొక్కులు, ఇంట్లో వాళ్లకీ దురద ఉంటే గజ్జి. ఒక్కరే మందు రాసుకుంటే లాభం లేదు, ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి రాసుకోవాలి.

కొత్త సబ్బు, యాంటీసెప్టిక్ లోషన్, వెంట్రుకలు తీసే క్రీము, కండోమ్ రబ్బరు, ఇవీ మంట పుట్టిస్తాయి. మానేసి కొన్నాళ్లు వట్టి నీళ్లతో కడిగి చూడండి. శుభ్రం పేరుతో రుద్దేవాళ్లకే ఈ బాధ ఎక్కువ.

ఎవరూ అనుమానించనిది ఇంకొకటుంది. నొప్పి మాత్రో, విరేచనాలు తగ్గే మాత్రో వేసుకున్న ప్రతిసారీ అదే చోట మచ్చ లేచి, పుండై, మానాక నల్లగా మిగిలితే అది మందు పడకపోవడం. ఇది తెలియక సుఖవ్యాధి అనుకుని భార్యాభర్తలు ఒకరినొకరు అనుమానించుకుంటారు, పాపం.

అలాగని ప్రతి పుండునీ మాత్ర మీదకు నెట్టకండి. గుంపుగా నీటిపొక్కులు వచ్చి మండితే హెర్పిస్ కావచ్చు, నొప్పిలేని పుండు సిఫిలిస్ కావచ్చు, రెండూ సుఖవ్యాధులే, నొప్పి లేదుకదా అని వదిలేయొద్దు. ప్రభుత్వాసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో రోజూ చూసేవే ఇవి, సిగ్గుపడాల్సింది లేదు. భాగస్వామికీ పరీక్ష అవసరం కావచ్చు.

వెనక్కి లాగిన ముందు చర్మం మళ్లీ ముందుకు రాకపోయినా, జ్వరంతో వాపు, నొప్పి గంటగంటకీ పెరుగుతున్నా వెంటనే ఎమర్జెన్సీకి పోండి. మామూలు దురదకైతే ఇప్పటిదాకా రాసిన ట్యూబులు, మింగిన మాత్రల అట్టలు డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి.