శ్రీలంక విజిలింగ్ థ్రష్‌ను చూడాలంటే

ఈ పిట్ట శ్రీలంక మధ్య కొండల్లో తప్ప ఇంకెక్కడా లేదు. చిక్కటి అడవి, నీడ, రాళ్ల మధ్య పారే వాగు ఉన్నచోటే బతుకుతుంది. ఎక్కువమంది వెతికేది హార్టన్ ప్లెయిన్స్ జాతీయ పార్కులో. పట్టిపోల అనే ఊరి వైపు నుంచి వెళ్లే రోడ్డు పక్కన అరెంగా పూల్ అనే చిన్న మడుగుంది. అరెంగా అన్నది ఈ పిట్ట పాత శాస్త్రీయ నామమే.

రాత్రి నువారా ఎలియా పట్టణంలో ఉండి, చీకటుండగానే బయల్దేరండి. దూరం 30 కిలోమీటర్లే గానీ ఘాట్ రోడ్డు, గంట పడుతుంది. పార్కు గేటు ఎప్పుడు తెరుస్తారో ముందురోజే కనుక్కోండి. తెల్లవారే ఆ అరగంటే అసలు సమయం. బాగా వెలుగొచ్చాక పొదల్లోకి దూరిపోతుంది, చాలామందికి కనబడకపోవడానికి ఇదే కారణం. పొద్దున తప్పితే సాయంత్రం మునిమాపువేళ మళ్లీ రండి.

మడుగు చుట్టూ తిరగొద్దు. ఒకచోట కదలకుండా నిలబడి ముందు వినండి. సన్నగా, చెవిలో గుచ్చుకునేలా 'స్రీ...' అన్న ఈల వస్తుంది. మన తూర్పు కనుమల్లో అక్కడక్కడా ఉండే మలబార్ విజిలింగ్ థ్రష్ మనిషి ఈల వేసినట్టు తీరిగ్గా పాడుతుంది. ఆ పాట కోసం చెవి పెట్టుకుంటే దీన్ని పోగొట్టుకుంటారు. ఈల వచ్చిన వైపు నీటి అంచు, నాచు పట్టిన రాళ్లు, కిందికి వాలిన కొమ్మలు చూడండి.

పొడవు 20 సెంటీమీటర్లు. మగది దాదాపు నల్లగా, ఆడది గోధుమరంగులో ఉంటాయి. రెండింటికీ భుజం మీద నీలం మచ్చ ఉంటుంది, వెలుగు తగిలితేనే మెరుస్తుంది. అక్కడే తిరిగే మగ బ్లాక్‌బర్డ్‌ను చూసి మోసపోకండి. ముక్కు నారింజరంగులో ఉంటే అది బ్లాక్‌బర్డ్. థ్రష్ ముక్కు నలుపు.

ఫోటోకు ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 3200 నుంచి మొదలుపెట్టండి. షటర్ వేగం 1/100 సెకను దగ్గర ఉంచి, కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టండి. చలికి చల్లబడ్డ కెమెరాను వెచ్చటి కారులోకి తెస్తే లెన్స్ మీద ఆవిరి పట్టే ప్రమాదం ఉంది. అందుకే చలి బాగా ఉన్న రోజు తిరుగు దారిలో కారు కిటికీ కాస్త తెరిచే ఉంచండి. ఫ్లాష్ వద్దు. ఫోన్‌లో దాని కూత వినిపించి పిలవడం అసలే వద్దు. అంతరించే ముప్పున్న పిట్ట ఇది. జనవరి నుంచి మే దాకా గూళ్ల కాలం, పెట్టేది ఒకటి రెండు గుడ్లే. మీ ఫోన్ కూతను శత్రువనుకుని గూడు వదిలి వస్తే ఆ గుడ్లు చల్లబడిపోతాయి.