ముక్తినాథ్ వెళ్తున్నారా? నేపాల్ బస్సెక్కేముందు ఇది చూడండి

ముక్తినాథ్ గుడికి మామూలుగా ఖాట్మండు నుంచి పోఖరా, అక్కడి నుంచి జోమ్‌సోమ్ మీదుగా వెళ్తారు. ఖాట్మండు నుంచి పోఖరా 200 కిలోమీటర్లే కదా, హైదరాబాద్ నుంచి కర్నూలంత దూరమేగా అనుకుని బయల్దేరతారు మనోళ్ళు. కొండ రోడ్డు, పైగా కొన్నేళ్ళుగా వెడల్పు చేసే పనులు, ఎనిమిది తొమ్మిది గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. అందుకే అదే రోజు ఇంకో ప్రయాణం పెట్టుకోకండి.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది నెల. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలకి కొండచరియలు విరిగి పడుతుంటాయి. 2024 జులైలో చిత్వన్ జిల్లా సిమల్‌తాల్ దగ్గర తెల్లవారుజామున చరియ పడి రెండు బస్సులు 60 మందికి పైగా జనంతో త్రిశూలి నదిలోకి కొట్టుకుపోయాయి. రాత్రి బస్సు కాబట్టి అలా అయింది, పగలైతే భయం లేదు అనుకోవద్దు, మరుసటి నెలలోనే మహారాష్ట్ర యాత్రికుల బస్సు పట్టపగలు మర్స్యాంగ్దీ నదిలో పడి 27 మంది పోయారు. అక్టోబర్, నవంబర్ బెస్ట్, లేదా మార్చి, ఏప్రిల్. రాత్రి బస్సు మాత్రం ఏ నెలలోనూ వద్దు, హోటల్ ఖర్చు కలిసొస్తుందని అస్సలు చూడకండి.

పొద్దున్నే బయల్దేరే టూరిస్ట్ బస్సు ఎక్కండి, చిన్న మైక్రోలు (వ్యాన్లు) తొందరగా వెళ్తాయి కానీ ఆ తొందరే నాకు నచ్చదు. సీటు మధ్యలో తీసుకోండి, వెనకైతే గుంతలకి నడుం పోతుంది. ఖాట్మండు నుంచి వెళ్ళేటప్పుడు దారి మధ్యలో ముగ్లింగ్ అనే ఊరి దాకా నది కుడిపక్క ఉంటుంది, భయమేసేవాళ్ళు ఎడం పక్క కూర్చోండి (వ్యూ పోతుంది, పోనీండి). వాంతి మాత్ర ఎక్కాక కాదు, అరగంట ముందే వేసుకోవాలి.

చరియ పడి బస్సు ఆగితే అందరూ దిగి ఫోటోలకి అక్కడికే పోతారు, మీరు పోకండి, పైనుంచి ఇంకా రాళ్ళు దొర్లుతుంటాయి, వెనక్కి వచ్చి నిలబడండి.

పోఖరా దాటి బేనీ నుంచి జోమ్‌సోమ్ రోడ్డు ఇంకా ఘోరం. పెద్దవాళ్ళుంటే పోఖరా నుంచి జోమ్‌సోమ్‌కి ఫ్లైట్ చూసుకోండి, మధ్యాహ్నం నుంచి గాలి ఎక్కువ కాబట్టి పొద్దున్నే ఎగురుతాయి, వాతావరణం బాలేకపోతే క్యాన్సిల్, ఒక రోజు ఎక్స్‌ట్రా ఉంచుకోండి.

పోలీసు 100, అంబులెన్స్ 102. ఇంకోటి, "బిస్తారై దాయి" అంటే మెల్లగా అన్నా అని. మొహమాటపడకుండా అనండి, మా బస్సులో ముందు ఒక నేపాలీ ముసలమ్మ అరిచింది, ఆ వెనకే అందరం అందుకున్నాం, డ్రైవర్ నవ్వి నిజంగానే స్లో చేశాడు.