నదిని చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: మేటలు

నది ఒడ్డును ఎలా కోస్తుందో కిందటి పాఠంలో చూశాం. కోసిన మట్టిని అది ఎక్కడ దించుతుందో ఈసారి చూద్దాం.

ముందు ఒక గాజు సీసా తీసుకోండి. పెరటి మట్టి మూడు గుప్పెళ్లు వేసి, నీళ్లు పోసి, మూత బిగించి గట్టిగా కుదపండి. బల్లమీద పెట్టాక ఇక కదపవద్దు. నిమిషం లోపే ఇసుక అడుగుకు చేరుతుంది. సన్నని ఒండ్రు దిగడానికి గంటలు పడుతుంది. నేను చేసినప్పుడు పైనీళ్లు మర్నాటికి కూడా పలచని మజ్జిగలా మసకగానే ఉన్నాయి. ఆ మసక బంకమట్టి.

ఈ పాఠానికంతటికీ ఆ సీసాయే ఆధారం. నీటి జోరు తగ్గితే ముతకది ముందు దిగుతుంది, మెత్తనిది చివరిదాకా తేలుతుంది. కాబట్టి ఎక్కడ మేట కనిపించినా ఒకటే ప్రశ్న వేసుకోండి: ఇక్కడ నీరు ఎందుకు నెమ్మదించింది?

నది ఒంపు తిరిగేటప్పుడు లోపలి వైపు జోరు తక్కువ. అందుకే ఇసుక తిన్నె అక్కడ పడుతుంది. వరద గట్టు దాటి పొలాల మీద పరుచుకున్నప్పుడు ముతక ఇసుక గట్టు పక్కనే ఆగి దాన్ని ఎత్తు చేస్తుంది, మెత్తని ఒండ్రు దూరం పోతుంది. సముద్రం దగ్గర జోరు ఇంకా పడిపోతుంది. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. వాటి మధ్యనున్న కోనసీమ అంతా అలా చేరిన ఒండ్రే. నది సముద్రంలో కలిసే చోట ఇలా మేటవేసిన నేలనే డెల్టా అంటారు. పాయల నడుమ తేలిన మేటలను అక్కడివాళ్లు లంకలంటారు. నాకు ఎంతో ఇష్టమైన మాట అది.

హైదరాబాద్‌లో ఉన్నవారు మూసీకి డెల్టా ఏదని అడుగుతారు. మూసీ సముద్రం దాకా పోదు, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అయినా డెల్టా పుట్టే తీరును గండిపేటలోనే గమనించవచ్చు. 1908 వరద తర్వాత కట్టిన ఈ జలాశయం 1920లో పూర్తయింది. అనంతగిరి కొండల నుంచి వచ్చే మూసీ పడమటి కొసన నిలవనీటిలోకి దిగగానే జోరు కోల్పోతుంది. ముతక మేట అక్కడే పడుతుంది, సన్నని బురద ఆనకట్ట వైపు సాగుతుంది. మీ సీసాను పక్కకు పడుకోబెట్టినట్టు ఊహించుకోండి.

అభ్యాసం: ఫోనులో ఉపగ్రహ చిత్రం తెరిచి గండిపేట పడమటి కొసను, తర్వాత ధవళేశ్వరం దిగువను చూడండి. రెండింటికీ బొమ్మ గీసి, నీరు నెమ్మదించిన చోట బాణం గుర్తు పెట్టండి. వచ్చే పాఠంలో, నది తన ఒంపునే తెంచుకున్నప్పుడు మిగిలే చెరువుల గురించి.