విదేశాల్లో మన కాగితాలు చెల్లాలంటే: అపోస్టిల్, ఎంబసీ అటెస్టేషన్

విదేశంలో చూపించాల్సిన కాగితానికి ధ్రువీకరణ ముద్ర వేయించేందుకు ఫీజు కట్టే ముందు, దాన్ని అక్కడ తీసుకోబోయే ఆఫీసు నుంచి మూడు సంగతులు రాతపూర్వకంగా తెప్పించుకోండి. ముద్ర ఒరిజినల్ మీదే పడాలా, సర్టిఫైడ్ కాపీ మీద ఉన్నా సరిపోతుందా? సర్టిఫికెట్ ఎన్ని నెలల లోపు జారీ అయి ఉండాలి? అనువాదం ఎవరు చేస్తే ఒప్పుకుంటారు? డబ్బు దండగయ్యేది ఎక్కువగా ఈ మూడింటి దగ్గరే.

తర్వాత దారి తేల్చుకోవాలి. ఒక దేశపు కాగితాలు ఇంకో దేశంలో తేలిగ్గా చెల్లేందుకు కుదిరిన 1961 అక్టోబరు 5 నాటి హేగ్ ఒప్పందంలో ఇప్పుడు 120కి పైగా దేశాలున్నాయి. కాగితం పుట్టిన దేశం, అది చేరే దేశం రెండూ అందులో ఉంటే ఒక్క అపోస్టిల్ (ఆ ఒప్పందం ప్రకారం వేసే ధ్రువీకరణ ముద్ర) చాలు, ఎంబసీ గడప తొక్కక్కర్లేదు. ఏ ఒక్కటి లేకపోయినా పాత గొలుసే: జారీ చేసిన దేశపు విదేశాంగ శాఖ ముద్ర, దానిమీద వెళ్లబోయే దేశపు ఎంబసీ ముద్ర, కొన్నిచోట్ల అక్కడ దిగాక ఇంకోటి. పాత సమాచారాన్ని నమ్ముకోవద్దు. చైనాలో ఒప్పందం 2023 నవంబరు 7న, కెనడాలో 2024 జనవరి 11న అమల్లోకి వచ్చింది. ఇంకో మెలిక: కొత్తగా చేరిన దేశంపై పాత సభ్యదేశం అభ్యంతరం చెప్పొచ్చు. చైనా విషయంలో జర్మనీ అదే చేసింది. అలాంటప్పుడు రెండూ సభ్యులే అయినా వాటి మధ్య అపోస్టిల్ చెల్లదు. ఈ ఒప్పందాన్ని చూసుకునే హేగ్ కాన్ఫరెన్స్ అనే సంస్థ వెబ్‌సైట్‌లోని సభ్యదేశాల పట్టికలో అభ్యంతరాలు కూడా ఉంటాయి, చూసుకోండి.

అపోస్టిల్ ధ్రువీకరించేది కాగితం మీది సంతకం, సంతకం చేసినవారి హోదా, సీలు. అంతే. లోపల రాసింది నిజమా కాదా అన్నది దాని పరిధిలో లేదు. అపోస్టిల్ వేసే ఆఫీసు తన దగ్గరున్న నమూనా సంతకంతో పోల్చి చూస్తుంది. సంతకం చేసిన అధికారి నమూనా అక్కడ లేకపోతే కాగితం ఎంత అసలైనదైనా వెనక్కొస్తుంది. పాతికేళ్ల నాటి జనన ధ్రువపత్రంతో వచ్చే చిక్కు ఇదే. దాంతో తంటాలు పడేకంటే తాజా కాపీ తీయించుకోవడం తేలిక. ఇంకొకటి, అపోస్టిల్ వేయాల్సింది కాగితం పుట్టిన దేశమే. మీరు ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారన్నది లెక్కలోకి రాదు.

అఫిడవిట్, పవర్ ఆఫ్ అటార్నీ లాంటి ప్రైవేటు కాగితాలకు ముందు నోటరీ కావాలి. అప్పుడు అపోస్టిల్ పడేది నోటరీ సంతకం మీద. డిగ్రీ జిరాక్స్‌ను నోటరీ చేయించి అపోస్టిల్ వేయిస్తే మాత్రం జాగ్రత్త. అది కాపీకీ నోటరీ సంతకానికీ పూచీ పడుతుందే గానీ, డిగ్రీ ఇచ్చిన యూనివర్సిటీ సంతకానికి కాదు. చాలాచోట్ల తిరగ్గొడతారు. ఎంబసీ, కాన్సులేట్ స్వయంగా ఇచ్చిన కాగితాలకు ఈ ఒప్పందం అసలు వర్తించదు.

అనువాదం మామూలుగా ఆఖర్నే చేయించాలి. ముందే చేయిస్తే అపోస్టిల్ మీది రాత అనువాదంలోకి రాదు, మళ్లీ ఖర్చు. అనువాదానికీ విడిగా అపోస్టిల్ కావాలంటే అనువాదకుడి సంతకాన్ని నోటరీ చేయించాలి.

చేతికి రాగానే కౌంటరు దగ్గరే చదవండి. కనీసం 9 సెంటీమీటర్ల చదరం, పైన ఫ్రెంచిలో శీర్షిక, కింద 1 నుంచి 10 దాకా అంకెలు వేసిన వరసలు. 2లో సంతకం చేసినవారి పేరు, 3లో హోదా, 4లో సీలు ఏ ఆఫీసుదో ఉంటాయి. ఈ మూడూ మీ కాగితంతో అక్షరం తేడా లేకుండా కలవాలి. 8లో నంబరు. ఆన్‌లైన్ రిజిస్టరు ఉన్న దేశమైతే ఈ నంబరు, 6లోని తేదీ కొట్టి అప్పుడే సరిచూసుకోవచ్చు.

అపోస్టిల్ విడి కాగితంగా వస్తే దాన్ని మీ పత్రానికి పిన్నుతోనో రివెట్‌తోనో బిగిస్తారు. స్కానింగ్ కోసం ఆ పిన్ను పీకారా, మొత్తం చెల్లకుండా పోవచ్చు. కట్ట విప్పకుండా పేజీ మడిచి స్కాన్ చేయండి. లామినేషన్ జోలికీ పోవద్దు, సీలు వేయడానికి చోటుండదు. అపోస్టిల్‌కు గడువు లేదు, కానీ కింద ఉన్న కాగితానికి ఉండొచ్చు. పోలీసు క్లియరెన్స్, అవివాహిత ధ్రువపత్రం కొన్ని నెలలకే పాతబడతాయి. అందుకే వాటిని అన్నిటికన్నా చివర తీసుకోండి.