పాత కారు మొరాయిస్తే: లక్షణం, కారణం, మరమ్మతు

పాత కారులో పెద్ద సామాన్ల కన్నా వాటిని కలిపే చిన్నవే ముందు పాడవుతాయి: ఎర్తు వైర్లు, బ్యాటరీ టర్మినళ్లు, కనెక్టర్ల పిన్నులు, రబ్బరు గొట్టాలు, సీళ్లు. కానీ బండి కదలకపోతే ముందుగా మార్చేది బ్యాటరీనో, సెల్ఫ్ మోటారునో. కొత్తది పెట్టాక కొన్నాళ్లు నడిచి మళ్లీ అదే మొదలవుతుంది. అందుకే ఏదైనా విప్పే ముందు కొలవండి. ఒకసారికి ఒక్కటే మార్చి, ఫలితం చూసి, ఆ తర్వాతే రెండోదాని జోలికి వెళ్లండి. డిజిటల్ మల్టీమీటరు, 12 వోల్టుల టెస్ట్ ల్యాంపు, ప్లగ్ స్పానరు, ఫీలర్ గేజ్ (సన్నటి సందులు కొలిచే రేకులు), ఎమరీ పేపరు, చిన్న వైర్ బ్రష్ ఉంటే చాలు. ఇక్కడి కొలతలన్నీ నెగటివ్ ఎర్తు (బ్యాటరీ నెగటివ్ బాడీకి కలిపి) ఉన్న 12 వోల్టుల పెట్రోలు కార్లవి.

తాళం తిప్పితే టక్‌మని ఊరుకుంటుంది, లేదా సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది

ముందు చెవితో వినండి. టకటకటకమని వరసగా కొట్టుకుంటే సాలినాయిడ్ (సెల్ఫ్ మోటారుకి కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) లాగుతోంది గానీ వోల్టేజి నిలవక వదిలేస్తోంది. బ్యాటరీ దిగిపోయింది, లేదా టర్మినల్ వదులైంది. ఒక్కసారే టక్‌మని ఆగితే సాలినాయిడ్ లోపలి కాంటాక్టులనో, అరిగిన కార్బన్ బ్రష్‌లనో, లావు కేబుల్‌నో అనుమానించాలి. అసలు చప్పుడే లేకపోతే ఇగ్నిషన్ స్విచ్, సాలినాయిడ్‌కి వెళ్లే సన్న వైరు చూడాలి.

హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. లైట్లు ఆరిపోయేంతగా మసకబారితే బ్యాటరీ దగ్గరే లోపం ఉండొచ్చు. లైట్లు అలాగే వెలుగుతూ సెల్ఫ్ మాత్రం కదలకపోతే కరెంటు మోటారు దాకా చేరడం లేదు.

తర్వాత బ్యాటరీ. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక కొలిస్తే 12.6 వోల్టులు నిండు ఛార్జి, 12.2 దాదాపు సగం, 12.0 కన్నా తక్కువైతే ఖాళీ అయినట్టే. నిండుగా ఛార్జి చేసిన బ్యాటరీ కూడా సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6 వోల్టుల కిందికి పడితే దాని పని అయిపోయింది. పడకపోతే దాన్ని మార్చకండి. తప్పు వైర్లలోనో, సెల్ఫ్ మోటారులోనో ఉంది.

వైర్లలో తప్పు పట్టుకోవాలంటే వోల్టేజి డ్రాప్ (దారిలో పోయే వోల్టులు) కొలవాలి. చాలామంది మల్టీమీటరులో బీప్ పెట్టి, మోగింది కాబట్టి వైరు బాగుందనుకుంటారు. లోపల ఒక్క రాగి పోగు తెగకుండా మిగిలినా బీప్ మోగుతుంది. సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్లు లాగుతోందనుకుంటే, తుప్పు వల్ల దారిలో 0.01 ఓమ్ అడ్డుపడినా 1.5 వోల్టులు అక్కడే పోతాయి. అంత చిన్న నిరోధం మామూలు మీటరుకి దొరకదు. కరెంటు పారుతున్నప్పుడే దొరుకుతుంది.

ఇంజను అంటుకోకుండా, ప్లగ్గులకు స్పార్కు పుట్టించే ఇగ్నిషన్ కాయిల్‌కి వెళ్లే సన్న వైరు పీకండి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్ బ్రేకు వేసి ఉండాలి. మీటరుని 20 వోల్టుల డీసీలో పెట్టి, ఎర్ర ప్రోబ్‌ని బ్యాటరీ పాజిటివ్ సీసపు గుబ్బ మీద ఆనించండి, క్లాంపు మీద కాదు. నల్ల ప్రోబ్‌ని సెల్ఫ్ మోటారు లావు బోల్టు మీద ఉంచండి. ఇంకొకరు తాళం తిప్పాలి. 0.5 వోల్టులు దాటితే ఆ దారిలో ఎక్కడో నిరోధం ఉంది. ప్రోబ్‌ని ఒక్కో జాయింటు దాకా జరుపుతూ వస్తే ఏ జాయింటు దగ్గర అంకె ఎగిరిందో తెలిసిపోతుంది. ఎర్తు వైపూ ఇలాగే: ఒక ప్రోబ్ నెగటివ్ గుబ్బ మీద, ఇంకొకటి ఇంజను బ్లాకు మీద, రంగు లేని లోహానికి తగిలేలా. ఇక్కడ 0.2 వోల్టులకు మించకూడదు.

పాత కార్లలో మా అనుమానం ఎప్పుడూ ముందు ఎర్తు వైపే. ఇంజను నుంచి బాడీకి వచ్చే అల్లిక పట్టీ నూనె, తుప్పు పట్టి పోగులు తెగిపోతుంది. అప్పుడు కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టాక యాక్సిలరేటర్ కేబులో, చోక్ కేబులో వేడెక్కి ఉంటే ఎర్తు పోయిందనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. పట్టీ విప్పి, రెండు చివరలా రంగు, తుప్పు పోయి లోహం మెరిసేదాకా ఎమరీ పేపరుతో రుద్ది బిగించండి. పోగులు తెగి ఉంటే కొత్తది వేయండి. బ్యాటరీ టర్మినళ్లు విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. బిగించాకే పైన పెట్రోలియం జెల్లీ పూయాలి.

ఛార్జింగ్ సరిగా ఉందా?

ఇంజను 2000 ఆర్‌పీఎం దగ్గర ఉన్నప్పుడు బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 వోల్టులు కనిపించాలి. 13 దాటకపోతే బెల్టు జారుతుండవచ్చు, బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరు బ్రష్‌లు అరిగి ఉండవచ్చు, దానిలోని డయోడ్ (కరెంటుని ఒకే వైపు పోనిచ్చేది) పోయి ఉండవచ్చు. ముందు బెల్టే చూడండి. 15 దాటితే వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటరు పాడైంది. అలాగే నడిపితే బ్యాటరీలో నీరు మరిగిపోతుంది, బల్బులు వరసగా మాడతాయి.

రాత్రి ఆపితే పొద్దుటికి బ్యాటరీ దిగిపోతుంది

కారు ఆగి ఉన్నా ఏదో కరెంటు తాగుతోంది. అన్నీ ఆపి, తలుపులు మూసి, నెగటివ్ కేబుల్ తీసి, గుబ్బకీ కేబుల్‌కీ మధ్య మీటరుని 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి కలపండి. మీటరు అలా ఉండగా తాళం మాత్రం తిప్పకండి, దాని ఫ్యూజు పోతుంది. కంప్యూటరు ఉన్న కారైతే అది నిద్రపోయేదాకా అరగంట ఆగాలి. ఆ తర్వాత 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే పర్వాలేదు. 500 కనిపిస్తే రోజుకి 12 ఆంపియర్ అవర్లు పోతున్నట్టు; 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ రెండు రోజుల్లో సగానికి పైగా ఖాళీ అవుతుంది. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ మీటరు చూడండి. ఏది పీకితే అంకె పడిందో తప్పు ఆ లైనులో ఉంది. డిక్కీ లైటు, గ్లవ్ బాక్సు లైటు, తర్వాత బిగించిన స్టీరియో తరచుగా దొరికే దొంగలు. అన్నీ పీకినా పడకపోతే ఆల్టర్నేటరు లావు వైరు విప్పి చూడండి. అప్పుడు పడితే డయోడ్ షార్ట్ అయింది. విప్పిన వైరు చివర బాడీకి తగలనివ్వకండి.

ఇండికేటరు వేస్తే వెనక లైట్లన్నీ మినుకుమంటుంటే వెనక ల్యాంపు ఎర్తు పోయింది, బల్బులు మార్చి లాభం లేదు. ఫ్యూజు పదేపదే పోతుంటే పెద్ద ఫ్యూజు వేయడం వైరింగ్‌కి నిప్పు పెట్టడమే.

సెల్ఫ్ బాగా తిరుగుతుంది, ఇంజను అంటుకోదు

స్పార్క్ ఉందా, పెట్రోలు వస్తోందా? ముందు ఈ రెండే తేలాలి.

ఒక ప్లగ్గుని వైరుకి తగిలించి, దాని లోహపు భాగం ఇంజనుకి ఆనేలా కట్టి, పెట్రోలు వాసన లేని చోట సెల్ఫ్ కొట్టించండి. చేత్తో పట్టుకోకండి. నీలంగా, చటచటమంటూ వస్తే మంచి స్పార్కు. పసుపుగా, నీరసంగా వచ్చినా, అసలు రాకపోయినా తాళం వేసి ఉంచి కాయిల్ పాజిటివ్ దగ్గర టెస్ట్ ల్యాంపు పెట్టండి. వెలగకపోతే ఇగ్నిషన్ లైనులో లోపం. వెలిగితే పాయింట్లు (ప్లగ్గులకు స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటరులో తెరుచుకుని మూసుకునే కాంటాక్టులు) చూడండి: చాలా కార్లలో గ్యాప్ 0.4, 0.5 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ కారు అంకె మాన్యువల్‌లో చూసుకోండి. పాయింట్లు కొత్తవైనా కొద్ది రోజులకే మాడుతుంటే తప్పు వాటి మధ్య స్పార్కు రాకుండా ఆపే కండెన్సరుది. డిస్ట్రిబ్యూటరు మూత లోపల సన్నటి నల్ల గీతలు, చెమ్మ ఉంటే స్పార్కు పక్కదారి పడుతుంది.

వేడెక్కాక ఆగిపోయి, అరగంట చల్లారాక మామూలుగా అంటుకునే బండిలో కాయిల్‌నో, ఎలక్ట్రానిక్ మాడ్యూల్‌నో, క్రాంక్ సెన్సరునో అనుమానించాలి. చల్లగా ఉన్నప్పుడు ఇవన్నీ బాగానే కనిపిస్తాయి కాబట్టి ఆగిపోయిన ఆ నిమిషంలోనే స్పార్కు చూడాలి.

పెట్రోలు సంగతి. కార్బొరేటరు ఉంటే ఇంజను ఆపి, ఎయిర్ ఫిల్టరు తీసి, యాక్సిలరేటరు ఒకసారి లాగండి. లోపల సన్నగా పెట్రోలు చిమ్మాలి. చిమ్మకపోతే ఫిల్టరు మూసుకుపోయింది, పంపు డయాఫ్రమ్ చిరిగింది, లేదా కార్బొరేటరులోకి పెట్రోలు వదిలే ఫ్లోట్ సూది అతుక్కుంది. ఇంజెక్షన్ కారులో తాళం వేయగానే పంపు ఒకటి రెండు సెకన్లు మూలగాలి. వినిపించకపోతే ఫ్యూజు, రిలే, చివరగా పంపు దగ్గరి ఎర్తు. అదే నంబరున్న హారన్ రిలేని అందులో పెట్టి చూడటం అన్నిటికన్నా త్వరగా తేలే పరీక్ష.

వేడెక్కిపోతుంది

ఎప్పుడు వేడెక్కుతుందన్నదే సగం జవాబు. ట్రాఫిక్‌లో ఆగినప్పుడే ముల్లు పైకి వెళ్లి, వేగంగా పోతే దిగితే ఫ్యాను, దాని స్విచ్, రిలే. వేగంగా పోయేటప్పుడే ఎక్కితే రేడియేటరు పూడిపోయింది, లేదా కింది గొట్టం పీల్చుకుపోయి మూసుకుంటోంది. చల్లటి ఇంజను కొన్ని నిమిషాల్లోనే ఉడికిపోతే కూలెంట్ తగ్గింది, లేదా థర్మోస్టాట్ (వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ని రేడియేటరుకి వదిలే వాల్వు) మూసుకుని అతుక్కుంది. థర్మోస్టాట్ తీసి నీళ్లలో వేసి వేడిచేయండి, చాలా వాటికి 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకోవాలి. పాడైతే కొత్తది వేయాలి. తీసేసి నడిపితే ఇంజను ఎప్పటికీ సరైన వేడికి రాదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి.

రేడియేటరు మూతని ఎవరూ పట్టించుకోరు. 0.9 బార్ మూత సరిగా ఉంటే నీరు దాదాపు 118 డిగ్రీల దాకా మరగదు. దాని రబ్బరు ఎండిపోతే 100కే మరిగి బయటికి తన్నుతుంది. ఇంజను చల్లారకుండా ఆ మూత తెరవకండి, ముఖం కాలిపోతుంది.

హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) మీద అనుమానం ఉంటే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీసి స్టార్ట్ చేయండి. ఆగకుండా బుడగలు వస్తుంటే, లేదా మూత బిగించి స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై గొట్టం గట్టిపడితే గ్యాస్కెట్ పోయినట్టే. ఆయిల్ మూత కింద తెల్లటి మీగడ కనిపించినంత మాత్రాన నిర్ణయానికి రాకండి. దగ్గరి దూరాలే తిరిగే బండిలో చెమ్మ వల్లా అది పడుతుంది. డిప్‌స్టిక్ మీద కూడా ఉంటేనే భయపడాలి.

పొగ

నల్లటి పొగ అంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది: చోక్, ఎయిర్ ఫిల్టరు, ఫ్లోట్ చూడండి. నీలం పొగ రాత్రంతా ఆగాక స్టార్ట్ చేసినప్పుడే వస్తే వాల్వ్ సీళ్లు, బండి ఎత్తు ఎక్కినంతసేపూ వస్తే పిస్టన్ రింగులు. ఇంజను వేడెక్కాక కూడా తెల్లగా, దట్టంగా వస్తూ కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్.

బ్రేకు

పెడల్ స్పాంజిలా ఉండి, రెండు మూడు సార్లు తొక్కితే గట్టిపడితే లైనులో గాలి ఉంది, బ్లీడ్ చేయాలి (స్క్రూ విప్పి గాలి వదలాలి). పెడల్ మీద కాలు అలాగే ఉంచితే మెల్లగా కిందికి దిగిపోతూ, బయట ఎక్కడా కారకపోతే పెడల్ ఒత్తిడిని ఫ్లూయిడ్‌కి ఇచ్చే మాస్టర్ సిలిండరు లోపలి రబ్బర్లు పోయాయి. ఇది సరిచేసేదాకా బండి తీయకండి.

బండి ఒక పక్కకి లాగుతూ, ఒక చక్రం వేడెక్కుతుంటే క్యాలిపర్ (బ్రేకు ప్యాడ్లని డిస్కు మీద నొక్కే భాగం) అతుక్కుని ఉండొచ్చు, లేదా దాని రబ్బరు హోస్ లోపల వాచి ఉండొచ్చు. క్యాలిపర్ మార్చాక కూడా పట్టేస్తోందంటే హోస్‌ని చూడనట్టే. తేల్చడం తేలిక: జాకీ మీద ఎత్తి, కింద స్టాండు పెట్టి, బ్రేకు తొక్కి వదలండి. చక్రం పట్టేసి ఉండగా బ్లీడర్ స్క్రూ విప్పండి. ఫ్లూయిడ్ చిమ్మి చక్రం వదులైతే ఒత్తిడి వెనక్కి పోకుండా ఎక్కడో ఆగింది, ఎక్కువగా అది హోసే. అయినా వదలకపోతే క్యాలిపర్ పిస్టన్ గానీ, అది జరిగే పిన్నులు గానీ తుప్పు పట్టాయి. హోస్‌లు మార్చేటప్పుడు రెండు పక్కలా మార్చండి, ఫ్లూయిడ్ కూడా పూర్తిగా కొత్తది పోయండి.