ఎక్సెల్ చార్టులో 1,500,000 పోయి 15,00,000 రావాలంటే

ముందు సంవత్సరాల గొడవ. ఏ గడిలో 2019, 2020 అని అంకెలే ఉంటే ఎక్సెల్ వాటిని లేబుళ్లు అనుకోదు, ఇంకో గీత గీసేస్తుంది. కింద అక్షం మీద 1, 2, 3 అని పడతాయి. చార్టు పెట్టేముందు సంవత్సరాల కాలమ్ శీర్షిక గడిని ఖాళీగా వదిలేస్తే చాలు. ఇప్పటికే గీసేసి ఉంటే సెలెక్ట్ డేటాలోకి వెళ్లి ఆ సిరీస్ తీసేసి, హారిజాంటల్ యాక్సిస్ లేబుల్స్ దగ్గర ఎడిట్ నొక్కి సంవత్సరాల గడులు చూపించాలి.

అసలు తలనొప్పి కామాలది. లక్షలు, కోట్లలో లెక్క చూసే మన కంటికి మూడేసి అంకెల కామా ప్రతిసారీ అడ్డం పడుతుంది. చార్టులో కాకుండా, డేటా గడుల మీదే ఫార్మాట్ సెల్స్, కస్టమ్‌లో ఇది పెట్టండి:

[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0

కామా ముందున్న వెనక గీత (\) తప్పనిసరి. అది లేకపోతే కామాను ఎక్సెల్ తన పద్ధతిలో మూడేసి అంకెలకే పెడుతుంది. అక్షం, డేటా లేబుల్స్ రెండింటికీ నంబర్ విభాగంలో 'లింక్డ్ టు సోర్స్' టిక్ ఉందో లేదో చూడండి. ఒకదానికి పెడితే రెండోదానికి రాదు.

నష్టాల చార్టుకు ఇది పనికిరాదు: మైనస్ అంకెలు మూడో భాగంలోకి జారి మళ్లీ పాత కామాలే వస్తాయి. అక్కడ విండోస్ రీజియన్ సెట్టింగుల్లో డిజిట్ గ్రూపింగ్ మార్చడం ఒక దారి. కాకపోతే ఆ మార్పు మీ కంప్యూటర్ వరకే. ఫైలు అందుకున్నవాళ్లకు వాళ్ల సెట్టింగే కనిపిస్తుంది.